చెట్టును చూడనిదే సంతకం పెట్టని గిర్దావరు

గిర్దావరు యాకూబ్ అలీ సాహెబు కన్నుమూశారన్న వార్తను నేను మొదట నమ్మలేదు. శోకాతిశయం చేత నమ్మలేకపోయానని రాసుకుంటే వినసొంపుగా ఉంటుంది గాని, అది యథార్థం కాదు. ఆయన పోయారని మా పటాన్‌చెరు ప్రాంతంలో లోగడ కూడా పుకారు పుట్టింది. చెట్టు కొట్టడానికి ఆయన అనుమతి ఇవ్వని ప్రతివాడూ మనసులో ఆయన చావును కోరుకుంటూనే ఉండేవాడు. ఆ కోరిక అప్పుడప్పుడు వార్త రూపం ధరించి ఊళ్ళ మీద తిరిగేది. అందుచేత తహసీలు జవాను సైకిలు దిగి, చావడి ముందు నిలబడి, సాబు ఇక లేరని చెప్పినప్పుడు, నువ్వు చూశావా అని అడిగాను. చూడలేదు, విన్నానన్నాడు. నేను బస్సెక్కి సంగారెడ్డికి వెళ్ళాను.

ఆయన ఇంటి సందు మొదట్లోనే చెప్పులు కనిపించాయి. గుమ్మం దాకా చెప్పులే. ఆ చెప్పులను చూసిన క్షణంలో ఈసారి వార్త నిజమని తెలిసింది. లోపల తెల్లని వస్త్రం కింద ఆ సన్నని దేహం నిశ్చలంగా ఉంది. జ్వరం వచ్చి నాలుగు రోజులు కాలేదట. దవాఖానాకు పోదామంటే, ఆ డాక్టరు చూడకుండానే మందు రాస్తాడని పోలేదట. ఆ మాట ఆయన కుమారుడు చెబుతుంటే, అంతటి దుఃఖంలోనూ అక్కడున్నవారి పెదవుల మీద చిరునవ్వు కదిలింది.

ఆయనను ఎరగని పాఠకుల కోసం కొంత చెప్పవలసి ఉంది. గిర్దావరంటే ఊళ్ళో భూమి లెక్కలు రాసే మా వంటి పట్వారీలకు పైన, తహసీల్దారుకు కింద ఉండి, గ్రామాలు తిరిగి తనిఖీ చేసే ఉద్యోగి. మన తాలూకాలో రైతు తన సొంత పట్టాభూమిలోనైనా సరే చింత, మామిడి, ఇప్ప వంటి ఫలవృక్షాన్ని కొట్టాలంటే తహసీలు నుంచి పర్వానా పొందాలి. చెట్టు ఎండిందనో, ఇంటికి ప్రమాదమనో అర్జీ పెట్టుకోవాలి. గిర్దావరు వచ్చి చూసి, నిజమని రాస్తేనే తహసీల్దారు సంతకం పెడతాడు. ఆ పర్వానా లేనిదే కట్టె బండి దారిలోని తనిఖీ నాకా దాటదు. పట్నంలో కొత్త ఇళ్ళు లేస్తున్నాయి, ఇటుక బట్టీలు రాత్రింబవళ్ళు మండుతున్నాయి. మన చెట్ల మీద ఎందరి దృష్టి ఉండేదో ఊహించుకోవచ్చు. ఆ దృష్టికీ చెట్టుకూ నడుమ, వెలిసిన షేర్వాణీ తొడుక్కుని, పాత సైకిలును పట్టుకుని, ఈ బక్కపలచని మనిషి నిలబడి ఉండేవారు.

ఆయన సందేహప్రాణి. ఈ మాట నిందగా అనడం లేదు. కొందరికి దైవభక్తి ఎలాంటిదో, ఆయనకు అనుమానం అలాంటిది. అర్జీదారును నమ్మేవారు కాదు. ఊళ్ళో శిస్తు వసూలు చేసే మాలీ పటేలును నమ్మేవారు కాదు. పట్వారీనయిన నన్ను నమ్మేవారు కాదు. "చెట్టుకు నోరు లేదు, గందుకే అబద్ధం చెప్పదు. అర్జీ పెట్టినోనికి నోరున్నది" అనేవారు. ఎండిన చెట్టని ఎవరైనా అంటే, "ఎండింది, నేను సూస్తున్న. ఎట్ల ఎండిందో చెప్పు" అని చతికిలబడి కూర్చునేవారు.

అలా కూర్చున్న ఒక సందర్భం నాకు బాగా జ్ఞాపకం. కర్దనూరు దారిలో ఒక భూస్వామి తోపులో చింతచెట్లు వరుసగా మోడుబారాయి. తెగులు తగిలిందని అర్జీ. పటాన్‌చెరులో కట్టెల డిపో నడిపే రాంచందర్ సేఠు అప్పటికే బండ్లు మాట్లాడుకున్నాడు. ఊరి పెద్దలంతా తెగులేనని ఏకకంఠంతో చెప్పారు. సాబు జేబులోంచి చిన్న చాకు తీసి, ఒక మాను మొదట్లో పేడ అలికినట్లు కనిపించిన చోట గీకారు. పేడ రాలింది. దాని కింద మాను చుట్టూ బెరడు వలిచిన గాయం వడ్డాణంలా బయటపడింది. రెండో చెట్టుకూ అదే వడ్డాణం. ఆయన చాకు మడిచి జేబులో వేసుకుని, "తెగులుకు చేతులు కూడ ఉన్నట్టున్నయి" అని మాత్రం అన్నారు. పర్వానా రాలేదు. సేఠు బండ్లు ఖాళీగా మళ్ళాయి. మరునాటికల్లా, గిర్దావరు పోటీ డిపోవానితో కలిశాడని సంతలో చెప్పుకున్నారు.

ఆయనను జనం అనుమానించడానికి కారణాలు వెతుక్కోనక్కర లేదు. ఏ ఊరికి వెళ్ళినా ఎవరింటా చాయ్ తాగేవారు కారు. రొట్టెలు గుడ్డలో కట్టి తెచ్చుకునేవారు, నీళ్ళు తన సీసాలోవే తాగేవారు. ఇంతటి నిష్ఠను చూసి ప్రజలు పొంగిపోయారనుకుంటే పొరపాటు. చాయ్ కూడా ముట్టనివాడంటే పెద్ద మొత్తానికే నోరు తెరుస్తాడని గుసగుసలాడేవారు. దానికి తోడు ఆ రోజులు అటువంటివి. దొరతనం మారింది, కచేరీలో రాసే భాష మారుతున్నది. గడ్డమున్న ఉద్యోగిని జనం అనుమానించేవారు, జనాన్ని ఉద్యోగులు అనుమానించేవారు, కొత్తగా వచ్చిన పై అధికారులు ఇద్దరినీ అనుమానించేవారు. ఒకసారి గుమ్మడిదలలో ఒక పెద్దరైతు, అడిగిన పర్వానా రాలేదన్న అక్కసుతో, "ఇగ మీ రాజ్యం పోయింది సాబ్" అన్నాడు. సాబు సైకిలు స్టాండు తీస్తూ, "రాజ్యం నాదెప్పుడుండె పటేలా? నాకున్నది గీ సైకిలొక్కటే" అని సమాధానమిచ్చారు. ఆ విషయం మీద ఆయన మాట్లాడగా నేను విన్నది అంతే.

ఇక ఆయన జీవితాన్ని రెండుగా చీల్చిన సంగతి చెప్పాలి. దీన్ని దాచి, కేవలం గుణకీర్తన చేస్తే, పైలోకాన ఉన్న ఆయనే నన్ను నమ్మరు.

నా పట్వారీగిరి కింద ఉన్న బొమ్మనకుంటలో ఎల్లవ్వ అనే వితంతువు ఉంది. మోదుగాకు విస్తర్లు కుట్టి పటాన్‌చెరు సంతలో అమ్ముకుని బతికేది. కొడుకు పట్నంలో కూలికి పోయేవాడు. ఇంట్లో బాలింతరాలైన కోడలు, చంటిబిడ్డ. పెరట్లో మహావృక్షమైన చింత ఒకటి ఇంటి మీదికి వాలి ఉండేది. దాన్ని కొట్టించుకుంటానని ఎల్లవ్వ అర్జీ పెట్టుకున్నది.

సాబు వచ్చేటప్పటికి ఆ పెరట్లో రాంచందర్ సేఠు గుమాస్తా మాను చుట్టూ తాడు వేసి కొలుస్తున్నాడు. అంతటితో ఆయన ముఖం మారిపోయింది. చెట్టు చుట్టూ తిరిగారు. ఆకు పచ్చగా ఉంది, కాయ నిండుగా ఉంది, బెరడు గీకితే పచ్చిదనం తేలింది. మంచి చెట్టని తేల్చారు. ఎల్లవ్వ చేతులు జోడించింది.

"సాబ్, గాలొస్తే ఇల్లు కదిలినట్లయితున్నది. పసిగుడ్డు ఉన్నది ఇంట్ల."

"గీ మాట నీకెవరు నేర్పిండ్రు?" అన్నారాయన, గుమాస్తా వైపు చూస్తూ.

"భయం నేర్పింది సాబ్. ఇంకెవరు నేర్పుతరు?"

నేను కల్పించుకుని, నిరుటి కంటె ఈ ఏడు చెట్టు మరింత వాలినట్లు నాకూ కనిపిస్తున్నదని విన్నవించాను. సాబు నా వైపు తిరిగి, అందరూ వింటుండగా, సేఠు నీకెంత ఇస్తానన్నాడని అడిగారు. నా జీవితంలో నన్నెవరూ అంత మాట అనలేదు. ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయారు. అర్జీ కొట్టివేయబడింది.

వానలు మొదలయ్యే మిరుగు కార్తె ఇంకా రాలేదు. ఒకనాటి మధ్యాహ్నం పడమట దుమ్ము లేచి, చూస్తుండగానే పెనుగాలి విరుచుకుపడింది. చింత వేళ్ళతో సహా పెకలి ఎల్లవ్వ ఇంటి మీద పడింది. ఆమె కోడల్నీ బిడ్డనూ వాకిట్లోకి తోసేసింది. తాను తప్పించుకోలేకపోయింది. దూలానికీ కొమ్మకూ మధ్య ఆమె కుడిచెయ్యి నలిగింది. ఊరి వడ్రంగి వడ్ల పెంటయ్య రంపం తెచ్చి, మరి ఇద్దరు ముగ్గురు గొడ్డళ్ళు తెచ్చి, కొమ్మలు కోసి, నరికి, ఆమెను బయటికి తీశారు. బండి మీద సంగారెడ్డి దవాఖానాకు చేర్చారు. ప్రాణం దక్కింది. చెయ్యి దక్కలేదు. మోచేతి కింద అది ఎండుకొమ్మలా వంగిపోయింది.

మర్నాడు ఉదయం సాబు వచ్చారు. ఆయన్ను చూడగానే ఊరి గుండె మరోవిధంగా కొట్టుకున్నది. ఎందుకంటే పర్వానా లేకుండా కొమ్మ నరకడం నేరం. ప్రాణం కాపాడడానికే అయినా, నరికినది నరికినట్లే. రంపాన్ని, ఊళ్ళో నేరాలు పట్టవలసిన పోలీసు పటేలే అప్పటికే గడ్డివాములో దాచాడు. సాబు నేరుగా వెళ్ళి పెకలిన చెట్టు వేళ్ళ దగ్గర కూర్చున్నారు. ఇంటి వైపు వేళ్ళు బాగానే ఉన్నాయి. రెండో వైపు వేళ్ళు భూమి లోపల చెదలు తిని పిండిపిండిగా ఉన్నాయి. బెరడు గీకితే తెలిసే సంగతి కాదది. ఆ పిండిని ఆయన అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తరువాత లేచి, కొమ్మలు ఎవరు కోశారని అడిగారు.

ఆడవాళ్ళు ఇళ్ళలోకి తప్పుకున్నారు. ఆయన మళ్ళీ అడిగారు. చివరికి వడ్ల పెంటయ్య ముందుకు వచ్చి, "నేనే కోసిన సాబ్. కేసు రాసుకోండ్రి" అన్నాడు.

సాబు షేర్వాణీ విప్పి గోడ మీద వేశారు. "రంపం యాడ దాసిన్రో తెండ్రి. ఇంక సగం చెట్టు ఇంటి మీదనే ఉన్నది. ఒక కొస నేను పడత" అన్నారు. పెంటయ్య చాలాసేపు కదలలేదు, ఇదేదో ఎత్తుగడ కావచ్చునని అతని అనుమానం. పటేలు గడ్డివాములోంచి రంపం తీశాక గాని అతడికి ధైర్యం రాలేదు. ఆ రోజంతా ఇద్దరూ చెరొక కొస పట్టి కోశారు. సాబు చేతులు బొబ్బలెక్కాయి.

ఆ బొబ్బల చేతులతోనే ఆయన దవాఖానాకు వెళ్ళారు. నేను వెంట ఉన్నాను. ఎల్లవ్వ మంచం పక్కన నిలబడి, "తప్పు నాది. నీ మాట నమ్మాల్సి ఉండె" అన్నారు. ఆమె ఆయనను కిందికీ మీదికీ చూసింది.

"నా కోసం వచ్చిన్రా సాబ్, నౌకరి పోతదని వచ్చిన్రా?"

ఆయన నెమ్మదిగా, "నౌకరి భయం గూడ ఉన్నది. లేదంటే అబద్ధమైతది" అన్నారు. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకున్నది. మేము బయటికి వచ్చాము.

ఆయన అక్కడితో ఆగలేదు. కచేరీలో తహసీల్దారు ఎదుట, పదిమంది వింటుండగా, పట్వారీ హెచ్చరించినా తాను వినలేదనీ, ప్రమాదానికి బాధ్యత తనదేననీ చెప్పారు. కొత్తగా వచ్చిన ఆ తహసీల్దారు దక్షుడే గాని, ఆయనకూ అనుమానమే వచ్చింది. ఏ ఉద్యోగీ అడగకుండా తప్పు ఒప్పుకోడు, ఒప్పుకున్నాడంటే ఇంతకంటె పెద్దది ఏదో దాస్తున్నాడని ఆయన తలచారు. విచారణకు ఉత్తర్వు వేశారు. కాచుకుని ఉన్న రాంచందర్ సేఠు, గిర్దావరు ఎల్లవ్వను లంచమడిగాడనీ, ఇవ్వలేదని అర్జీ కొట్టేశాడనీ వాఙ్మూలమిచ్చాడు. ఆ మాట విన్నవారిలో సగం మంది నమ్మారు. తక్కిన సగం నమ్మనట్లు నటించారు.

విచారణ నాడు తహసీలు ఆవరణంలో జనం కిటకిటలాడారు. ఎల్లవ్వను ముందురోజే సేఠు మనుషులు కలిశారనీ, ఇల్లు కట్టిస్తామని ఆశ చూపారనీ అందరికీ తెలుసు. ఆమె ఏమి చెబుతుందో కూడా అందరికీ తెలుసుననే అనుకున్నాము. ఆమె అలా చెప్పినా తప్పు పట్టగలిగినవాడు అక్కడెవడున్నాడు? ఇల్లు కూలింది, చెయ్యి పోయింది, విస్తరి కుట్టే బతుకు పోయింది. సాబు గోడకు ఆనుకుని నిలుచున్నారు. ఆమె వైపు చూడలేదు.

తహసీల్దారు అడిగిన ప్రశ్నకు ఎల్లవ్వ, వంగిన చేతిని కొంగులోంచి బయటికి తీసి, ఇలా చెప్పింది: "గీ సాబు నా మాట నమ్మలే. గది నిజం. పైసలడిగిండన్నది అబద్ధం. నా చెయ్యి పోయింది గాని నోరు పోలే."

సేఠు గుమాస్తా జనంలోంచి మెల్లగా జారుకోవడం నేను కళ్ళారా చూశాను. సాబు అప్పుడు తల ఎత్తారు. ఆమెకు ఏమైనా చెబుతారేమోనని అందరూ చూశారు. ఎల్లవ్వ చెంగు సర్దుకుని, కోడలి భుజం పట్టుకుని, తన దారిన వెళ్ళిపోయింది. ఆమె ఆయనను క్షమించిందని నేను రాయను. అలాగని ఆమె ఎన్నడూ చెప్పలేదు.

విచారణలో నేరం రుజువు కాలేదు. నిర్దోషి అన్న మాటను మాత్రం ఎవరూ కాగితం మీద పెట్టలేదు. రావలసిన పదోన్నతి రాలేదు. అడగమని నేను చెబితే, "వద్దు పంతులూ, ఒక చెయ్యి పోయింది గద" అన్నారు. ఎల్లవ్వ కోడలికి తాలూకా బడిలో నీళ్ళు మోసే పని దొరకడం వెనుక ఆయన ప్రయత్నమున్నదని నా అనుమానం. అడిగితే, తనకేమీ తెలియదన్నారు. అది అబద్ధమని నేను తలుస్తున్నాను. నా ఎరుకలో ఆయన చెప్పిన అబద్ధం అదొక్కటే.

ఆ తరువాత ఆయన అనుమానం పోయిందనుకునేరు. పోలేదు. దానికొక అలవాటు తోడయింది. ఇంటి మీదికి వాలిన చెట్టు అర్జీ వస్తే, చూసి వెళ్ళిపోయేవారు కారు. ఆ ఇంట్లోనే, ఆ చెట్టు కిందనే, కూర్చునేవారు. హత్నూరలో ఒక మట్టింటి మీదికి ఇప్ప వాలింది. పైకి చూస్తే చెట్టు దృఢంగా ఉంది. గాలి వీచే పూట చూసుకుని వెళ్ళి, ఆ ఇంట్లో తువ్వాలు పరుచుకుని, రొట్టెల మూట విప్పారు. సగంలోనే మూట కట్టేసి బయటికి వచ్చి, "నాకే ముద్ద దిగుత లేదు. వీండ్లు రోజూ ఎట్ల తింటున్నరు? కొట్టెయ్యమను" అన్నారు.

ఈ సంగతి తెలిసి జనం ఊరుకుంటారా? ఉన్నట్టుండి తాలూకాలోని చెట్లన్నీ ఇళ్ళ మీదికి వాలడం మొదలుపెట్టాయి. ఒక ఆసామి అయితే తన కొట్టం పక్కనున్న మామిడికి ఒకవైపు మట్టి తవ్వి, వేళ్ళు తెగ్గొట్టి, మళ్ళీ పూడ్చి, ప్రమాదమని అర్జీ పెట్టాడు. సాబు చెట్టు కింద కూర్చుని, ఆసామిని కూడా పక్కనే కూర్చోమన్నారు. కబుర్లు మొదలుపెట్టారు. వానలు, ఎడ్లు, ధరలు. ఆసామి కూర్చున్నచోట నిలవలేడు. మాటిమాటికీ పైకి చూస్తాడు. కాస్త గాలి వీచేసరికి తటాలున లేచి దూరంగా పరుగెత్తాడు. సాబు కదలకుండా కూర్చుని, "నీకొక్కనికే ఎట్ల తెలిసింది పడతదని?" అని అడిగారు. అర్జీ పోయింది, జుల్మానా పడింది. ఆ కథ ఇప్పటికీ మా ఊళ్ళలో చెప్పుకుని నవ్వుకుంటారు. నవ్వినవారిలో ఎందరు ఆయన్ను నమ్మారో నాకు తెలియదు.

నా విషయం ఒకటి మిగిలింది. బొమ్మనకుంట పెరట్లో నన్నన్న మాటను ఆయన ఏనాడూ వెనక్కి తీసుకోలేదు. ఒకనాడు పటాన్‌చెరు బాటలో ఇద్దరం సైకిళ్ళ మీద వస్తుండగా ఆయన ఆగి దిగారు. "పంతులూ, ఆ రోజు నేనన్న మాట..." అని ఆగిపోయారు. నేను ఎదురుచూశాను. ఆయన తన సైకిలు వైపు వంగి, "చైను ఊడింది, జెర పట్టు" అన్నారు. ఇద్దరం కలిసి చైను ఎక్కించాము. నిజంగా ఊడిందో, ఆయనే ఊడదీశారో నేను చూడలేదు. చేతులు తుడుచుకోవడానికి ఆయన తన రుమాలు ముందు నాకిచ్చారు. దాన్ని నేను క్షమాపణగానే స్వీకరించాను.

శ్రేష్ఠులైన అధికారులను మనం ఇంకా చూస్తాము. ప్రజలను నమ్మేవారు వస్తారు, నమ్మినట్లు నటించేవారు మరింతమంది వస్తారు. కాని తాను నమ్మలేదని ఒక స్త్రీకి చెయ్యి పోతే, ఆ నమ్మకపోవడాన్ని తన వెంట ఊరూరా మోసుకు తిరిగి, కూలబోయే కప్పుల కింద తన తల పెట్టి పరీక్షించినవాడు మళ్ళీ వస్తాడన్న ఆశ నాకు లేదు. ఆ ధర్మనిష్ఠకు, ఆ మొండితనానికి, బొబ్బలెక్కిన ఆ చేతులకు నా నమోవాకాలు.

ఖననానికి చాలామంది వచ్చారు. పెంటయ్య జనాజా మోశాడు. ఎల్లవ్వ కోడలితో వచ్చి ఇంట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చుందని తరువాత విన్నాను. రాంచందర్ సేఠు కూడా వచ్చాడు. ఖబరస్తాను గోడ పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. అతన్ని చూసి జనం, నిజంగా పోయాడో లేదో చూసుకోవడానికి వచ్చాడని చెవులు కొరుక్కున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. మట్టి పోయడం ముగిసి తిరిగి వస్తుంటే, సేఠు నా పక్కకు చేరాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పంతులూ, అందరు నన్ను జూసి ఏందేందో అనుకుంటున్నరు. నేను నిజంగనే ఏడ్సిన" అన్నాడు.

నేను అతని ముఖంలోకి పరీక్షగా చూశాను. నాకేమీ తెలియలేదు. ఆ కన్నీళ్ళు నిజమో కాదో తేల్చి చెప్పగల మనిషిని అప్పుడే మట్టిలో పెట్టి వచ్చాము.